డాక్టరు చీటీలో చివరి లైను
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమావేశంలో పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళకు చేసే సాయం గురించి, ఖబరస్థాన్ ప్రహరీ గోడ గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ కావలసినవే. ఈసారి కార్యదర్శిగారు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. ఆరోగ్యం అంటే సముద్రం. అందులోంచి ఒక్క చెంబెడు నీళ్ళు మాత్రమే తెచ్చాను. నేను డాక్టరును కాను. డాక్టర్లు పంపినవాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడించే పని, అంటే ఫిజియోథెరపీ, నా వృత్తి. అంచేత నా వృత్తికి సంబంధించినదే మాట్లాడతాను.

మీలో షుగరో, బి.పి.యో ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళాక డాక్టరుగారి చీటీ ఒకసారి తీసి చూడండి. పైన మాత్రల పేర్లుంటాయి. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక, తినక ముందు అని వివరంగా ఉంటుంది. అన్నిటికన్నా కింద చాలా చీటీలలో ఇంకో లైను ఉంటుంది: "రోజూ నడవాలి" అని. మందుల షాపు కుర్రాడు పై లైన్లన్నీ చదివి మాత్రలు కట్టి ఇస్తాడు. చివరి లైను మాత్రం చదవడు. అది అతని బీరువాలో ఉండే సరుకు కాదు కదా! మనమూ చదవం. ఎంతసేపు నడవాలి, ఎంత జోరుగా నడవాలి, మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి, ఆడవాళ్ళు ఎక్కడ నడవాలి అన్నది అందులో ఉండదు. డాక్టరుగారికి బయట ఎనభైమంది రోగులు కాచుకుని ఉంటే ఆయన మాత్రం ఎంతని చెబుతారు? ఆ చివరి లైను గురించే ఈవేళ నా ప్రసంగం.

ముందుగా, ఇది మందేనా అన్న అనుమానం తీర్చుకుందాం. వ్యాయామం రోగాన్ని తగ్గిస్తుందన్నది కొత్త మాట కాదు. ప్రమేహానికి సుశ్రుతుడు నడకను చికిత్సగా చెప్పాడు. మన ఇబ్న్ సీనా వెయ్యేళ్ళ కిందట రాసిన వైద్యగ్రంథంలో వ్యాయామానికి విడిగా చోటిచ్చాడు. అయితే పెద్దలు చెప్పారన్నది ఒకటి, లెక్క కట్టి చూడడం ఇంకొకటి.

లెక్క కట్టి చూసినవారిలో మొదటగా చెప్పుకోదగినవాడు లండనులోని జెరీ మోరిస్ అనే డాక్టరు. అక్కడ రెండంతస్తుల బస్సులుంటాయి. అప్పట్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడానికి రోజంతా మెట్లెక్కి దిగుతూనే ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు, ఇంచుమించు ఒకే రకం బతుకు. కానీ గుండెజబ్బు కండక్టర్లకంటే డ్రైవర్లకు ఎక్కువగా వచ్చిందని ఆయన 1953లో ప్రకటించాడు. పోస్టాఫీసులో కూడా ఉత్తరాలు పంచేవారికంటే కుర్చీలో కూర్చుని రాసేవారికి గుండెజబ్బు ఎక్కువగా కనబడింది. ఆర్.టి.సి. బస్సెక్కి తిరిగే మనకు ఈ ఉదాహరణ సులువుగానే అర్థమవుతుంది.

లండను దూరమనుకుంటే మన పక్కనున్న చెన్నై సంగతి చెబుతాను. డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం 531 మందిని ఎంచుకుంది. వారికి ఇంకా షుగరు జబ్బు రాలేదు, కానీ రాబోయే గుమ్మంలో ఉన్నారు. వాళ్ళను నాలుగు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు సలహా మాత్రమే. రెండో జట్టుకు తిండిలో మార్పు, రోజూ కనీసం అరగంట జోరు నడక. మూడో జట్టుకు మెట్‌ఫార్మిన్ మాత్ర. నాలుగో జట్టుకు రెండూ. ఫలితాలు 2006లో వచ్చాయి. మూడేళ్ళలో మామూలు సలహా జట్టులో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి మార్చుకుని నడిచినవాళ్ళలో నూటికి 39 మందికే వచ్చింది. మాత్ర వేసుకున్న జట్టులోనూ ఇంచుమించు అంతే. రెండూ కలిపి చేసిన జట్టుకు అంతకు మించి లాభం ఏమీ కనబడలేదు. అంటే ఆ గుమ్మంలో ఉన్నవారికి నడక, తిండి జాగ్రత్త మాత్రకు సాటిగా నిలబడ్డాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ లెక్క జబ్బు ఇంకా రానివాళ్ళది. ఇప్పటికే జబ్బు ఉండి మందులు వాడుతున్నవాళ్ళు "నేను నడుస్తున్నాను కదా" అని మాత్ర మానెయ్యకూడదు. ఎప్పుడు తగ్గించాలో డాక్టరు చెప్పాలి.

నడిస్తే షుగరు ఎందుకు తగ్గుతుంది? మన ఒంట్లో చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కండరాలు. మామూలు వేళల్లో ఇన్సులిన్ తలుపు తీస్తేనే చక్కెర కండరంలోకి వెళుతుంది. షుగరు జబ్బులో ఆ తలుపు బిగుసుకుపోతుంది. కండరం పని చేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ సాయం లేకుండానే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. ఆ ఫలితం ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. అంచేతనే వరసగా రెండు రోజులకు మించి నడక మానకూడదంటారు. ఆదివారం ఒక్కరోజే చింతపల్లి కొండ ఎక్కినంత పని చేసి, మిగతా ఆరు రోజులూ కూర్చుంటే లాభం లేదు. బి.పి. ఉన్నవాళ్ళు క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తే పై అంకె అయిదు నుంచి ఎనిమిది పాయింట్ల వరకూ తగ్గుతుందని లెక్కలు చెబుతున్నాయి. అది చిన్న సంగతి కాదు.

ఇది ఏ కొద్దిమంది గొడవో కాదు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు పది కోట్ల పైచిలుకు. గుమ్మంలో ఉన్నవారు పదమూడున్నర కోట్లు. బి.పి. ఉన్నవారు ముప్ఫై ఒక్క కోట్లు. ఈ హాల్లో ప్రతి కుటుంబం నుంచీ ఒకరైనా ఈ లెక్కలో ఉంటారని చెప్పడానికి సర్వే అక్కరలేదు, మనకే తెలుసు.

మరి డాక్టరు చెప్పాడు, సైన్సు చెప్పింది, అయినా మనం ఎందుకు నడవడం లేదు? ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. ఇంగ్లండులో 1990 దశకంలో ఒక పద్ధతి బాగా వ్యాపించింది. ఊరి డాక్టరు చీటీ రాసి రోగిని వ్యాయామశాలకు పంపుతాడు. అక్కడ శిక్షణ పొందిన మనిషి అతని జబ్బును బట్టి పది పన్నెండు వారాలు వ్యాయామం చేయిస్తాడు. స్వీడనులోనూ డాక్టర్లు మందు రాసినట్టే వ్యాయామాన్ని ఇంత మోతాదని చీటీ మీద రాస్తారు. న్యూజిలాండులో దీనిని పచ్చ చీటీ అన్నారు. మంచి పద్ధతే. కానీ ఇంగ్లండువారు తరువాత నిజాయితీగా లెక్క చూసుకుంటే లాభం అనుకున్నంత కనబడలేదు. చీటీ పుచ్చుకున్నవారిలో చాలామంది వెళ్ళనే లేదు, వెళ్ళినవారిలో చాలామంది మధ్యలో మానేశారు. దాంతో 2014లో అక్కడి ఆరోగ్య సలహా సంస్థ, జబ్బో, జబ్బు వచ్చే ప్రమాదమో ఉండి, ఒళ్ళు కదలకుండా ఉన్నవారినే ఇలా పంపాలని, వచ్చినవారి వివరాలు సరిగా నమోదు చెయ్యాలని చెప్పింది.

దీనివల్ల మనకు తెలిసేదేమిటంటే, చీటీ ఒక్కటే మనిషిని నడిపించదు. అతని కోసం ఎదురుచూసే ఇంకో మనిషి ఉండాలి. కేరళలో తిరువనంతపురం జిల్లాలో ఇలాంటి ప్రయత్నమే ఒకటి జరిగింది. 60 పోలింగ్ ప్రాంతాలలో, షుగరు వచ్చే ప్రమాదం ఉన్న 1007 మందిని తీసుకున్నారు. అందులో సగం ప్రాంతాలలో ఆ ఊరివాళ్ళలోనే కొందరికి శిక్షణ ఇచ్చి, వారిచేతనే మిగతావారిని కూడగట్టించారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం షుగరు కొత్తగా రావడంలో పెద్ద తేడా తేలలేదు. కానీ కూరగాయలు, పండ్లు తినడం పెరిగింది, తాగుడు తగ్గింది. గొప్ప డాక్టర్లు లేకుండానే వీధిలోవాళ్ళు వీధిలోవాళ్ళను కదిలించగలరని మాత్రం రుజువైంది. ఆ పని చెయ్యడానికి మన సొసైటీ వంటి సంస్థకు మించినది ఏముంది?

ఇక మన ఇళ్ళ సంగతి కాస్త చనువుగా మాట్లాడతాను, కోపగించుకోవద్దు.

మా దగ్గరకు వచ్చే ఆడవాళ్ళలో సగంమంది చెప్పే మాట ఒకటే: "భాయ్, ఇంటి పని అంతా నేనే చేస్తాను, ఇంకా వ్యాయామం ఎందుకు?" ఇంటి పని పనే, కాదనను. కానీ రోటీలు కాల్చడానికి గంట నిలబడితే కాళ్ళు నొప్పులు పుడతాయి తప్ప గుండె వేగం పెరగదు. అసలు కారణం వేరే ఉందని వాళ్ళకూ తెలుసు, మనకూ తెలుసు. బయట నడుద్దామంటే "ఈ వయసులో ఈవిడకు షికారేమిటి" అని ఎవరేమంటారో అని సంకోచం. తోడు లేదు. చోటు లేదు. రోడ్డు మీద లారీలు, కుక్కలు. ఇంట్లో మగవాళ్ళు మందులు తెచ్చిపెడతారు గానీ, అరగంట తీరిక తెచ్చిపెట్టరు. యాభై ఏళ్ళకే మోకాళ్ళు పట్టేసి కుర్చీ మీద కూర్చుని నమాజు చదువుకునే తల్లులు మన ఊళ్ళో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

మగవాళ్ళ సంగతి చూద్దాం. దుకాణంలో పొద్దున్నుంచి రాత్రి వరకూ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాం. మసీదు మూడు వీధుల అవతల ఉన్నా బండి తీస్తాం. వలీమా దావత్ అంటే బిర్యానీ, దాని మీద మీఠా, దాని మీద చాయ్. నమాజు చేస్తున్నాం కదా, అదే వ్యాయామం అని కొందరంటారు. నమాజు ఇబాదత్. దానిలో కీళ్ళు కదులుతాయి, నడుము వంగుతుంది, అది మంచిదే. కానీ డాక్టరు అడిగిన మోతాదుకు అది సరిపోదు. మసీదుకు నడిచి వెళ్ళి నడిచి రండి, అప్పుడు రెండూ దక్కుతాయి.

మోతాదు అన్నాను కాబట్టి అదేమిటో చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం కావాలి. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే 150 అవుతుంది. వారానికి రెండు రోజులు కండబలానికి పని చెప్పాలి. అరవై అయిదు దాటినవారు తూలి పడకుండా వారానికి మూడు రోజులు నిలకడ అభ్యాసం చెయ్యాలి. మధ్యరకం అంటే ఏమిటి? నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పాట వస్తోందంటే జోరు చాలదు. మాట కూడా రావడం లేదంటే జోరు ఎక్కువైంది. నాడి పట్టుకుని చూసుకోవడం కన్నా ఇదే సులువు. పైగా బి.పి.కి, గుండెకు అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి వేగం అంతగా పెరగదు, అంచేత వారికి నాడి లెక్క పనికిరాదు.

అరగంట ఒక్కసారిగా కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవండి. అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే భోజనం తరువాత పెరిగే షుగరు అదుపులో ఉంటుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు నడక పూర్తిగా మానెయ్యడం తప్పు. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు చాచి, అయిదు లెక్కపెట్టేదాకా ఉంచి దించండి. పదిసార్లు ఒక కాలు, పదిసార్లు ఇంకో కాలు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఇంకో మంచి వ్యాయామం. మొదట్లో అయిదుసార్లు చాలు. బరువులకు డబ్బు పెట్టనక్కరలేదు, లీటరు సీసాలో ఇసుక పోస్తే చాలు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బి.పి. పెరుగుతుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి వినకుండా మొదలుపెట్టవద్దు. ఛాతీలో నొప్పి, బరువు, దవడకో ఎడమ చేతికో లాగడం, కళ్ళు తిరగడం, మామూలు కాని ఆయాసం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగిపోవాలి. తగ్గకపోతే 108కి ఫోను చెయ్యాలి. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, గుండె ఆపరేషను అయినవారు, కంటి నరాల్లో రక్తం వచ్చినవారు తమ డాక్టరు చీటీ లేకుండా మొదలుపెట్టకూడదు. ఆ రోజు బి.పి. పై అంకె 180 దాటితే వ్యాయామం వద్దు, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరును బాగా దించే కొన్ని మాత్రలు వాడేవారు జేబులో పంచదారో గ్లూకోజో పెట్టుకోవాలి. చెమట, వణుకు, కంగారు, తల తిరుగుడు వస్తే షుగరు పడిపోయిందని అర్థం. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ తాగి, ఆస్పత్రికి వెళ్ళాలి. అనకాపల్లి బెల్లం మంచిదే గానీ, షుగరున్నవాడికి అది పంచదార లాంటిదే అని ఈ సందర్భంలోనే చెప్పెయ్యాలి. పాదాలు మొద్దుబారినవారు చెప్పులు లేకుండా నడవకూడదు. ఇంటికి రాగానే అరికాలు చూసుకోవాలి. కంటికి ఆనకపోతే మనవడిని చూడమనండి.

రంజాను గురించి ఏటా అడుగుతారు. షుగరున్నవారు ఉపవాసం ఉండవచ్చునా లేదా అన్నది నెల ముందుగానే డాక్టరును అడిగి తేల్చుకోవాలి. ఉండేవారు ఇఫ్తారుకు ముందు గంటల్లో జోరు నడక పెట్టుకోవద్దు. అప్పుడే షుగరు పడిపోయే ప్రమాదం ఎక్కువ. తరావీహ్ నమాజులో లేవడం, వంగడం చాలాసేపు ఉంటుంది కాబట్టి, రంజాను నెలలో దానిని రోజువారీ వ్యాయామంలో భాగంగానే లెక్కపెట్టవచ్చునని షుగరు నిపుణుల అంతర్జాతీయ సలహాలలో ఉంది. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి.

ఇంత చెప్పి ఊరుకుంటే నా ప్రసంగం కూడా చీటీలో చివరి లైనులాగే అవుతుంది. అంచేత ఒక ప్రతిపాదన మీ ముందు పెడుతున్నాను. మన ఊళ్ళో ఏరియా ఆస్పత్రి ఉంది, ప్రైవేటు డాక్టర్లున్నారు, చీటీ రాసేవారికి కొదవ లేదు. చీటీ పుచ్చుకుని నిలబడే చోటు లేదు. గుండె ఆపరేషను తరువాత వ్యాయామం చేయించే సదుపాయం కావాలంటే విశాఖ వెళ్ళాలి. ఒకసారి వెళ్ళి వస్తే ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు అదనం. కూలినాలి చేసుకునేవాడు వారానికి రెండుసార్లు ఎలా వెళ్తాడు? అలాంటి పెద్ద కేసులు మనం చెయ్యలేం, చెయ్యకూడదు కూడా. కానీ మామూలు షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులవారి వరకు మన ఊళ్ళోనే చెయ్యవచ్చు.

పన్నెండు వారాల తరగతి ఒకటి పెడదాం. చేరదలచినవారు తమ డాక్టరు చేత చీటీ రాయించుకు రావాలి: ఏ జబ్బు, ఏ మందులు, ఏది చెయ్యకూడదు అని. సొసైటీ తరఫున ఒక కార్డు ఇద్దాం. మొదటి రోజు బి.పి., షుగరు, బరువు, నడుము కొలత, ఆరు నిమిషాలలో ఎంత దూరం నడిచారన్నది అందులో రాద్దాం. నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదన్నది గుర్తు. మగవాళ్ళు ఫజ్ర్ తరువాత మైదానంలో. ఆడవాళ్ళకు షాదీఖానా హాలు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో అది ఖాళీగానే ఉంటుంది కదా. పిల్లలు బడికి వెళ్ళాక పదిన్నర నుంచి పదకొండున్నర వరకు తలుపులు వేసుకుని, ఆడవాళ్ళే ఆడవాళ్ళకు నేర్పేలా ఏర్పాటు చేద్దాం. ఇద్దరు చదువుకున్న అమ్మాయిలు ముందుకు వస్తే వారికి నేను ఉచితంగా తర్ఫీదు ఇస్తాను. కావలసినవి ఇరవై కుర్చీలు, ఒక బి.పి. మిషను, ఒక షుగరు మిషను, ఒక రిజిస్టరు. కుర్చీలు ఎలాగూ ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ రిజిస్టరు. వరసగా రెండు రోజులు రానివారి ఇంటికి మూడో రోజు ఒకరు వెళ్ళాలి. తిట్టడానికి కాదు, "ఏమైంది ఆపా, ఒంట్లో బాగులేదా" అని అడగడానికి. ఇంగ్లండువారి లెక్కలో మానేసినవారి ఇళ్ళకు ఎవరైనా ఇలా వెళ్ళి ఉంటే లెక్క మారేదేమోనని నా నమ్మకం. ఊరంతా ఒకరికొకరు తెలిసిన మన నర్సీపట్నంలో ఈ పని సులువు. మన పక్కింటి హిందూ, క్రైస్తవ సోదరులు వస్తామన్నా రానిద్దాం. షుగరు కులం, మతం చూసి రావడం లేదు.

పన్నెండు వారాలయ్యాక అదే కార్డు మీద అవే కొలతలు మళ్ళీ రాద్దాం. కార్డు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళితే, మాత్ర తగ్గించాలో ఉంచాలో ఆయన చూసి చెబుతారు. అందరికీ తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను. కొందరికి అంకెలు కదలవు. కానీ అంకె కదలనివారు కూడా మెట్లు ఎక్కగలిగితే, తన నీళ్ళ బిందె తాను మోసుకోగలిగితే, సజ్దా చేసి ఆసరా లేకుండా లేవగలిగితే, అది తక్కువ లాభమా?

ఇంట్లో ఒక మనిషికి పక్షవాతం వస్తే ఆ ఇల్లు ఎలా కుంగిపోతుందో మన సొసైటీ సహాయ నిధి చూసేవారికి తెలుసు. వైద్య సాయం కోసం వచ్చే దరఖాస్తులు ఒకసారి తిరగేస్తే చాలు. జబ్బు ముదిరాక ఇచ్చే వేల రూపాయలకంటే, ముదరకముందు పెట్టే ఒక రిజిస్టరు చవక. కార్యవర్గంవారు ఈ ప్రతిపాదనను ఈ సమావేశంలోనే చర్చకు తీసుకుని, మొదటి తరగతికి ఇరవైమంది పేర్లు ఇక్కడే రాయించుకోవాలని మనవి చేస్తున్నాను. తెల్ల కాగితం ఒకటి బల్ల మీద పెట్టాను. పరదా అవతల ఇంకొకటి ఉంది. అటువైపు కాగితమే ముందు నిండాలని నా కోరిక.